మన మైనారిటీ తీరేదెన్నడు?

మేము సర్కారు కొలువులో గుమాస్తాగా ఉన్న రోజులలో జరిగిన ఒక ముచ్చటతో ఈ నెల సంపాదకీయాన్ని ఆరంభిస్తున్నాము. అరవై యేండ్లు దాటిన ఒక పెద్దాయన ఏదో దరఖాస్తు పట్టుకొని మా బల్ల దగ్గరకు వచ్చాడు. పక్కనున్న కొత్త ఉద్యోగి ఆ కాగితం చూసి, "తాతా, నువ్వు మైనారిటీయేనా?" అని అడిగాడు. పెద్దాయన కొంచెం నొచ్చుకొని, "నా మైనారిటీ తీరి నలభై యేండ్లు దాటింది బాబూ, మనవలు కూడా పెరిగి పెద్దవాళ్లయ్యారు" అన్నాడు. ఆఫీసంతా నవ్వింది. మేమూ నవ్వాము. ఆయన మాత్రం నవ్వలేదు. దస్తావేజులలో, కోర్టు కాగితాలలో ఆ మాటను ఆయన ఏ అర్థంలో చూశాడో ఆ అర్థంలోనే జవాబు చెప్పాడు. తప్పు ఆయనది కాదు. ఒకే మాటకు రెండు అర్థాలుండగా, అడిగినవాడు ఒకటి తలచాడు, విన్నవాడు మరొకటి తలచాడు.

పదవీ విరమణ చేసి ఇన్నేండ్లయినా ఆ జవాబు మమ్మల్ని వదలలేదు. ఈ పత్రిక ముఖచిత్రం మీదనే ఉన్నది ఆ మాట. మన సంఘాల పేర్లలో, కార్పొరేషన్ల పేర్లలో, గురుకులాల బోర్డుల మీద, ఎన్నికల ప్రణాళికలలో, పిల్లల స్కాలర్‌షిప్ ఫారాలలో, అంతటా అదే మాట. ఇంతగా మనల్ని అంటిపెట్టుకున్న ఈ ఇంగ్లీషు పదానికి అసలు అర్థమేమిటి, ఎన్ని అర్థాలున్నవి, వాటిలో ఏది మనకు హక్కునిచ్చేది, ఏది మనల్ని చిన్నబుచ్చేది అన్న విచారణ మన ఇండ్లలో జరగలేదు. ఆ పని ఈ నెల చేయదలచాము. ఇది నిఘంటువు పని మాత్రమే కాదని చివరకు పాఠకులే గ్రహిస్తారు.

మొదట మూలం చూద్దాము. లాటిన్ భాషలో 'మైనర్' అంటే 'కంటే చిన్నది' అని అర్థం. దానికి జంటపదం 'మేజర్', అంటే 'కంటే పెద్దది'. ఈ రెండూ పోలికను చెప్పే మాటలే. పక్కన మరొకటి లేనిదే ఏదీ మైనర్ కాదు, మేజర్ కాదు. ఈ సంగతి గుర్తుంచుకోవాలి, తరువాత పనికివస్తుంది.

మన తెలుగు నేల మీదకు ఈ మాట ఎన్ని వేషాలలో వచ్చినదో చూడండి. సాగునీటి శాఖ వారికి మైనరు అంటే పెద్ద కాలువ నుంచి చీలి పొలాలకు నీరందించే చిన్న కాలువ. చెరువులు, కుంటలు చూసే విభాగం మైనర్ ఇరిగేషన్. గనుల శాఖకు ఇసుక, కంకర మైనర్ ఖనిజాలు. ఊరంతా కాక ఊళ్లో కొంత భూమి మాత్రమే ఇనాముగా ఉంటే పాత రికార్డులలో అది మైనర్ ఇనాం. డాక్టరు గారు "మైనర్ ఆపరేషనే, భయం లేదు" అంటే మనకు ధైర్యం వస్తుంది. ఇక పల్లెటూళ్లలో 'మైనరు బాబు' అంటే తాతలు సంపాదించిన ఆస్తి మీద కూర్చుని, పూటకొక సిల్కు చొక్కా వేసుకొని తిరిగే షోకిలా. 'మైనరు వేషాలు' అన్న తిట్టు అక్కడ పుట్టినదే. ఈ అర్థాలన్నింటిలో ఆ మాట నిరపాయకరమే. చిన్నది అని చెబుతుంది, అంతే.

మనుషుల విషయానికి వచ్చేసరికి ఈ పదం రెండు దారులుగా చీలింది. ఈ రెండు దారులను విడివిడిగా చూడడమే మన అసలు పని.

మొదటి దారి వయస్సుది. ఇంగ్లీషులో మైనారిటీ అన్న మాట పాత అర్థం ఇదే. రాజు బాలుడై ఉండగా అతని పేరు మీద మరొకరు రాజ్యమేలిన కాలాన్ని ఆ రాజు మైనారిటీ అనేవారు. మన దేశంలో 1875 నాటి మెజారిటీ చట్టం 18 యేండ్లను గీతగా గీచింది. ఆ గీతకు ఇవతలివాడు మైనరు. మైనరు చేసుకున్న ఒప్పందం చెల్లదని 1903లో ప్రివీ కౌన్సిల్ ఒక కలకత్తా వ్యాజ్యంలో తేల్చిచెప్పింది. మైనరు తనంతట తాను దావా వేయలేడు, అతని తరఫున పెద్దవారొకరు నిలబడాలి. అతని ఆస్తిని గార్డియను చూస్తాడు, అతని సంతకం గార్డియను పెడతాడు. "మైనరు గనుక తండ్రియు గార్డియనునగు" అని మొదలయ్యే దస్తావేజులు మేము వందల కొద్దీ నకళ్లు తీశాము. ఈ అర్థంలో మైనారిటీ ఒక తాత్కాలిక స్థితి. పుట్టినరోజు వస్తుంది, మైనారిటీ తీరుతుంది. ఉర్దూలో ఈ అర్థానికి వేరే మాట ఉన్నది: నాబాలిగ్.

రెండవ దారి సంఖ్యది. ఒక సమూహంలో సగానికి తక్కువగా ఉన్నవారు మైనారిటీ. దీనికి తెలుగులో అల్పసంఖ్యాకులు అన్నాము. ఉర్దూలో అఖలియత్ అంటాము, దాని జోడు అక్సరియత్. చూడండి, మన ఉర్దూ ఈ రెండు అర్థాలకు రెండు వేరు మాటలు పెట్టుకున్నది. నాబాలిగ్ వేరు, అఖలియత్ వేరు. వాటిని ఎవరూ కలపరు. ఇంగ్లీషు ఒకే మాటతో రెంటినీ చెప్పింది, మనం ఆ ఒకే మాటను తెచ్చుకున్నాము. చిక్కు ఇక్కడ మొదలైనది.

సంఖ్యార్థంలో ఈ మాటకు అవమానమేమీ అంటుకొని లేదు. 1991లో లోక్‌సభలో పూర్తి బలం లేకుండానే ప్రధాని అయిన పి.వి. నరసింహారావు గారి ప్రభుత్వాన్ని పత్రికలన్నీ మైనారిటీ ప్రభుత్వమనే వ్రాశాయి. ఆ పాలనలో 1992 డిసెంబరు 6న జరిగినది మనం మరువలేము, అది వేరే చర్చ. ఇక్కడ చెప్పదలచినది పదం గురించే. ఆ మైనారిటీ ప్రభుత్వం 1993 జూలైలో అవిశ్వాస తీర్మానాన్ని నెగ్గింది, ఐదేండ్లూ దేశాన్ని ఏలింది. దానిని ఎవరూ గార్డియను క్రింద పెట్టలేదు.

న్యాయస్థానాలలో కూడా ఈ మాట ఉన్నది. ధర్మాసనంలో ఎక్కువమంది ఒక మాట అంటే, తక్కువమంది ఇచ్చేది మైనారిటీ తీర్పు. అత్యవసర పరిస్థితి నాటి 1976 ఏప్రిల్‌లో, నిర్బంధితుడు కోర్టు తలుపు తట్టజాలడని సుప్రీంకోర్టులో నలుగురు న్యాయమూర్తులు అన్నారు. జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే కాదన్నారు. మరుసటి సంవత్సరం ప్రధాన న్యాయమూర్తి పదవి ఆయనను దాటి మరొకరికి వెళ్లింది. అయితే 2017లో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఆ నలుగురి మాట తప్పని, ఆ ఒక్కరి మాటే ఒప్పని ప్రకటించింది. సంఖ్యలో తక్కువ కావడానికి, న్యాయంలో తక్కువ కావడానికి సంబంధం లేదని చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కరలేదు.

ఇప్పుడు మతం, భాష అన్న సందర్భానికి వద్దాము. జాతి, మత, భాషా సమూహాన్ని మైనారిటీ అనడం మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక అంతర్జాతీయ ఒప్పందాలలో స్థిరపడింది. ఐరోపాలో కొత్త సరిహద్దులు గీసినప్పుడు లక్షలాది జనం రాత్రికి రాత్రి పరాయి దేశంలో తేలారు. వారి రక్షణ కోసం 1919లో పోలండుతో చేసుకున్న ఒప్పందం మొదలుకొని వరుసగా మైనారిటీ ఒప్పందాలు వచ్చాయి. అంటే ఆ మనుషులు కదలలేదు. గీత కదిలింది. గీత కదలడంతో వారు మైనారిటీ అయ్యారు.

మన రాజ్యాంగ నిర్మాతలు ఈ మాటను 29, 30 అధికరణాల సందర్భంలో వాడారు. 30వ అధికరణం మత ప్రాతిపదిక మీద గాని, భాషా ప్రాతిపదిక మీద గాని మైనారిటీలైన వారందరికీ తమకు నచ్చిన విద్యాసంస్థలను స్థాపించుకొని నడుపుకునే హక్కునిస్తున్నది. కాని మైనారిటీ అంటే ఎవరన్న నిర్వచనం రాజ్యాంగంలో ఎక్కడా లేదు. 1948 డిసెంబరులో రాజ్యాంగ సభలో డాక్టర్ అంబేడ్కర్ ఈ మాటను ఇరుకైన సాంకేతికార్థంలో వాడలేదని వివరించారు. మద్రాసు నుంచి బొంబాయికి వెళ్లి స్థిరపడినవారు, మహారాష్ట్ర నుంచి బెంగాలుకు వెళ్లినవారు కూడా తమ భాషను, సంస్కృతిని కాపాడుకోవలసి ఉంటుందని, వారికీ ఈ రక్షణ అందాలని ఆయన చెప్పిన సారాంశం. ఆనాటి మద్రాసు రాష్ట్రంలో కోట్లాది తెలుగువారు ఉండేవారన్నది మరువరాదు. ఈనాటికీ తమిళనాడులో, కర్ణాటకలో, ఒడిశాలో ఉన్న తెలుగు కుటుంబాలు భాషా మైనారిటీలే. తమ పిల్లలకు తెలుగు బడి కావాలని హోసూరులో ఒక హిందూ తండ్రి అడిగినప్పుడు, ఉర్దూ బడి కావాలని కర్నూలులో మనం అడిగినప్పుడు, ఇద్దరమూ ఒకే తలుపు తడుతున్నాము. 350ఎ అధికరణం ఇద్దరికీ ఉన్నది.

న్యాయస్థానాల తీర్పులు ఈ మాటను మరింత తేటపరచాయి. 1958లో కేరళ విద్యా బిల్లు వ్యవహారంలో సుప్రీంకోర్టు, ఆ రాష్ట్ర జనాభాలో సగానికి తక్కువైన వారు మైనారిటీ అన్న లెక్కను ఆమోదించింది. 1971లో పంజాబులోని డి.ఎ.వి. కళాశాలల కేసులో అక్కడి ఆర్యసమాజీయులు మైనారిటీయేనన్నది. దేశమంతటా మెజారిటీలో లెక్కకు వచ్చేవారు ఒక రాష్ట్రంలో మైనారిటీ అయ్యారు. 2002లో పదకొండుమంది న్యాయమూర్తుల ధర్మాసనం టి.ఎం.ఎ. పాయ్ ఫౌండేషన్ కేసులో, 30వ అధికరణం నిమిత్తం రాష్ట్రాన్నే కొలమానంగా తీసుకోవాలని స్థిరపరచింది. లక్షద్వీపాలలో నూటికి 90కి పైగా ముస్లింలే. అక్కడ ఈ మాట తలక్రిందులవుతుంది. మైనారిటీ హక్కు అన్నది ఒక మతానికి ఇచ్చిన బహుమానం కాదు. ఎవరు ఎక్కడ తక్కువైతే అక్కడ వారికి గొడుగు. ఈ సంగతి మన ఇరుగుపొరుగు హిందూ సోదరులకు మనం ఓపికగా చెప్పగలిగితే, 'బుజ్జగింపు' అన్న నింద సగం పలుచబడుతుంది.

ఇక పరిపాలన చెప్పే అర్థం మరొకటి. 1992 జాతీయ మైనారిటీ కమిషన్ చట్టం ప్రకారం కేంద్ర ప్రభుత్వం ఎవరిని నోటిఫై చేస్తే వారే మైనారిటీ. 1993లో ముస్లింలు, క్రైస్తవులు, సిక్కులు, బౌద్ధులు, పారశీకులు అన్న ఐదు వర్గాలను నోటిఫై చేశారు. 2014లో జైనులు చేరారు. మొత్తం ఆరు. కాని మన తెలుగు రాజకీయ ఉపన్యాసాలు వినండి. "మైనారిటీ సోదరులారా" అన్నప్పుడు ఎదుట జైను గాని, పారశీకుడు గాని ఉండడు. ముస్లిం అని నోరారా పలకడానికి మొహమాటపడేవారికి ఈ మాట ఒక ముసుగైనది. పేరు పెట్టి పిలవదగిన మనిషిని సంఖ్య పెట్టి పిలవడం మర్యాద కాదని మా మనవి.

2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దేశంలో ముస్లింలు 17 కోట్ల 22 లక్షలు, జనాభాలో నూటికి 14 మంది. ఇది రష్యా దేశపు మొత్తం జనాభా కంటే ఎక్కువ. పోలికలో మాత్రమే మనం తక్కువ. ముందే చెప్పుకున్నాము, ఇది పోలిక పదం.

ఇంతవరకు అర్థాలు. ఇప్పుడు అసలు బాధ.

వయస్సు అర్థం, సంఖ్య అర్థం విడివిడిగా ఉన్నంతకాలం నష్టం లేదు. మన విషయంలో ఒకటి మరొకదానిలోకి చొరబడింది. సంఖ్యలో తక్కువ అన్నది మెల్లగా ఈడు చాలనివారు అన్నదిగా మారింది. ఎన్నికల వేళ ప్రతి పార్టీ నాయకుడు వచ్చి, "మీకు అండగా మేమున్నాము, మీ బాగోగులు మేము చూసుకుంటాము" అంటాడు. ఇది గార్డియను భాష. మన ఓటు మనం వేస్తాము గాని, మన సంతకం మరొకరు పెడతారు. రంజాను మాసంలో ఇఫ్తారు విందు, నెత్తిన ఒక టోపీ, ఒక ఫొటో. అంతటితో మైనరు ఆస్తి లెక్క అప్పజెప్పినట్లు. సచార్ కమిటీ 2006లో మన చదువు, ఉద్యోగం, బ్యాంకు రుణాల దుస్థితిని లెక్కలతో దేశం ముందు పెట్టింది. ఆ నివేదిక మనల్ని పౌరులుగా చూచి తూచినది. దానిని చేతపట్టుకొని లెక్క అడగవలసినది మనం. అడిగినవారు మనలో ఎందరు?

తప్పంతా బయటివారి మీదకు తోయడం మా ఉద్దేశం కాదు. మైనరుగా ఉండడంలో ఒక సుఖమున్నది. బాధ్యత ఉండదు. ఫారం ఎవరో నింపుతారు, ఆఫీసుకు ఎవరో వెళతారు, పని కాకపోతే ఎవరినో తిట్టవచ్చు. ఈ అలవాటు వలన ఎంత నష్టపోతున్నామో మేము బల్లకు అవతలి పక్క నుంచి కండ్లారా చూశాము.

ఒక్క ఉదాహరణ చెబుతాము. ఒక షేక్ కుటుంబంలోని అమ్మాయి మంచి మార్కులు తెచ్చుకున్నది. తండ్రి దరఖాస్తులో సామాజిక వర్గం అన్నచోట 'మైనారిటీ' అని వ్రాసి, ఆ ధ్రువపత్రమే జతచేశాడు. అది చాలుననుకున్నాడు. మైనారిటీ అన్న మాటకు, బి.సి.-ఇ అన్న మాటకు తేడా ఉన్నదని ఆయనకు ఎవరూ చెప్పలేదు. తెలిసేసరికి గడువు దాటిపోయింది. ఆ సంవత్సరం ఆ అమ్మాయి కోరుకున్న సీటు మరొకరికి వెళ్లింది. ఆ తండ్రి మా ముందు నిలబడి, "అయితే మేము మైనారిటీ కాదా సార్?" అని అడిగాడు. ఆ ప్రశ్నకు అప్పుడు మేము సరైన జవాబు చెప్పలేకపోయాము. ఇప్పుడు చెబుతున్నాము.

మైనారిటీ అన్నది మతం మీద వచ్చిన హోదా. దానితో కొన్ని పథకాలు, 29, 30 అధికరణాల హక్కులు ఉన్నవి. సర్కారు కళాశాలలో సీటుకు, సర్కారు ఉద్యోగానికి రిజర్వేషను దాని వలన రాదు. బి.సి.-ఇ అన్నది సామాజికంగా, విద్యాపరంగా వెనుకబడిన ముస్లిం వర్గాలకు 2007 చట్టం ద్వారా వచ్చిన 4 శాతం కోటా. దానికి ప్రాతిపదిక వెనుకబాటుతనమే గాని మతం కాదు. ఆ చట్టం మీద వ్యాజ్యం నడిచింది, 2010 మార్చిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో కోటా నిలబడింది. షేకులు ఇందులో ఉన్నారు. సయ్యదులు, పఠానులు, మొఘలులు లేరు. దూదేకుల, నూర్‌బాషా సోదరులు అంతకు ముందు నుంచీ బి.సి.-బి లో ఉన్నారు. ఏ రిజర్వేషన్ల లోనికీ రాని పేద సయ్యదు, పఠాను కుటుంబాలకు 2019 నుంచి ఆర్థికంగా బలహీనులైన వర్గాల 10 శాతం కోటా ఉన్నది. వార్షికాదాయం 8 లక్షల రూపాయల లోపు ఉండి, ఆస్తి షరతులకు లోబడితే ఆ పత్రం అడగవచ్చు. కేంద్రం జాబితా వేరు, రాష్ట్రం జాబితా వేరు కనుక ఏ దరఖాస్తుకు ఏ పత్రమో ముందే విచారించుకోవాలి. ఒక్క మాట అర్థం తెలియక ఒక అమ్మాయి ఒక సంవత్సరం కోల్పోయింది. నిఘంటువు పని మాత్రమే కాదని మేము మొదట అన్నది ఇందుకే.

మరొక సంగతి. మనకున్న హక్కులలో మైనారిటీ అన్న మాట మీద ఆధారపడినవి కొన్నే. చట్టం ముందు సమానత్వం, వివక్షకు గురికాకుండా ఉండే హక్కు, ప్రాణ స్వేచ్ఛలు, మత స్వేచ్ఛ, ఇవన్నీ 14, 15, 21, 25 అధికరణాలలో పౌరులుగా, మనుషులుగా మనకు దక్కినవి. ఇండ్ల కిరాయికి మన పేరు విని తలుపు మూసినప్పుడు, దుకాణం పెట్టుకోనివ్వనప్పుడు, మనం మైనారిటీలమని మొరపెట్టుకోనక్కరలేదు. ఈ దేశ పౌరులమని నిలదీస్తే చాలు. ప్రతి అర్జీనీ "మైనారిటీలమైన మేము" అని మొదలుపెట్టే అలవాటును మన సంఘాలు కొంత తగ్గించుకోవాలని మా సూచన. 'సవినయ విన్నపము' అని వ్రాసేచోట 'సమాచార హక్కు చట్టం, 2005 ప్రకారం' అని వ్రాయడం నేర్చుకోవాలి.

అలాగే, తక్కువవారి గోడు ఎలా ఉంటుందో తెలిసిన మనం మనలోని తక్కువవారిని ఎలా చూస్తున్నాము? మసీదు కమిటీలో దూదేకుల సోదరునికి కుర్చీ ఉన్నదా? ఇంట్లో తెలుగే మాట్లాడే ముస్లింను, ఉర్దూ రాదని వెక్కిరించడం మానామా? జమాత్ పంచాయితీలో స్త్రీ మాటకు విలువున్నదా, లేక ఆమె సంతకం నేటికీ గార్డియనే పెడుతున్నాడా? బయట మైనారిటీ హక్కులు అడిగే నోరు ఇంట్లో మెజారిటీ పెత్తనం చేస్తే ఆ అడగడానికి బరకత్ ఉండదు.

కనుక ఈ నెల మా విన్నపాలు మూడే. ప్రతి మసీదులో, ప్రతి బస్తీలో చదువుకున్న యువకులు, యువతులు ఇద్దరు ముగ్గురు కూర్చుని, ఏ కుటుంబానికి ఏ ధ్రువపత్రం వర్తిస్తుందో చెప్పే ఏర్పాటు చేయాలి. అడ్మిషన్ల కాలం ముంచుకొచ్చాక కాదు, ఇప్పుడే. మా వంటి విశ్రాంత ఉద్యోగులు ప్రతి ఊళ్లో ఉన్నారు, అడిగితే కాదనరు. రెండవది, ఇంట్లో పిల్లలకు 'మైనారిటీ' అన్న మాట అర్థం ఉర్దూలోనో, తెలుగులోనో విడమరచి చెప్పాలి. అఖలియత్ వేరు, నాబాలిగ్ వేరని చెప్పాలి. మూడవది, ఓటు అడగడానికి వచ్చినవారిని ఏమి చేస్తారని కాదు, ఏమి చేశారని, ఎంత కేటాయించి ఎంత ఖర్చు చేశారని అడగాలి. గార్డియను లెక్క చెప్పవలసిన రోజు ఒకటి ఉంటుందని చట్టమే అంటున్నది.

సంఖ్యలో మనం తక్కువగానే ఉండవచ్చు. అందులో సిగ్గుపడవలసినది లేదు, ఎవరూ భయపడవలసినది లేదు. కాని ఈడు విషయంలో ఆ పెద్దాయన చెప్పిన జవాబే మనదీ కావాలి. ఈ దేశం రాజ్యాంగం వ్రాసుకొని డెబ్బై యేండ్లు దాటింది. మన మైనారిటీ తీరి కూడా అంతే కాలమైనది. మన సంతకం మనమే పెడదాము.